ఒమెలీ మాస్కుల క్లాసు

ఒమెలీ మా బడికి వచ్చిన మొదటిరోజే నా పెద్ద గిన్నె ఎత్తుకుపోయింది. జక్మెల్ ఊళ్లో ఆ బడికి పదకొండేళ్లుగా నేనే వంటమనిషిని. నా గిన్నెల మీద చెయ్యి వేసినవాళ్లని ఊరికే వదలను. గరిటె పట్టుకుని వెళ్లి చూద్దును కదా, వరండాలో చతికిలబడి కర్రపెండలం పిండితో జిగురు కాస్తోంది. చుట్టూ పద్దెనిమిదిమంది పిల్లలు, అందరూ ఐదారేళ్లవాళ్లు.

"అది అన్నం వండే గిన్నె!" అన్నాను.

"అన్నం ఒక్క పూటకే వదినా. ఈ జిగురుతో చేసే మాస్కు కార్నివాల్ పండగ దాకా ఉంటుంది," అని నవ్వింది. ఆ నవ్వు చూసి ఒళ్లు మండింది. మర్నాడు మాత్రం గిన్నె నేనే తీసుకెళ్లి ఇచ్చాను.

ఆమె పుట్టిందే మాస్కులు చేసే ఇంట్లో. యాభై రెండేళ్ల మనిషి. చిన్నప్పుడు రెండేళ్లే బడికెళ్లింది. సంతకం పెట్టమంటే ఇప్పటికీ నాలుక బయటపెట్టి దీక్షగా గీస్తుంది. కాని సిమెంటు సంచి కాగితం ఆ చేతుల్లో పడిందా, మొసలైనా మాజీ మంత్రైనా మాస్కై లేచి కూర్చోవాల్సిందే. అంతటి పనిమంతురాలు మా బుడతలకు తన విద్య నేర్పుతానని తనే వచ్చి అడిగింది.

మా హెడ్మాస్టరు ఫెనెలాన్ సార్ ఒప్పుకుంటూనే ఒక మెలిక పెట్టాడు. కిందటేడు కార్నివాల్‌లో మా పిల్లల ఊరేగింపుకి చలోస్కాలు ఎదురొచ్చారు. పటాలం కోటు, ఎర్రటి పెదాలు, జానెడు పళ్లు తగిలించుకుని వీధిలో గర్జించే వేషగాళ్లు వాళ్లు. మా చిన్న తరగతి మొత్తం ఏడుస్తూ చెల్లాచెదురైంది. విడ్లీన్ అనే పిల్ల సాయంత్రానికి చేపల బుట్టల వెనక దొరికింది.

"ఈసారి ఒక్కరు ఏడ్చినా చిన్నపిల్లలకి ఊరేగింపు బందు. నీ క్లాసూ బందు ఒమెలీ. ఆ గంటలో లెక్కలు చెప్పిస్తాను," అన్నాడు సార్.

"ఏడవరు సార్."

"ఆ పళ్లు చూస్తే పెద్దవాళ్లే జడుసుకుంటారు!"

"ఆ పళ్లే వాళ్లచేత చేయిస్తాను."

అన్నంత పనీ చేసింది. మట్టి అచ్చు మీద కాగితం పొరలు అంటించడం, ఎండబెట్టడం, ఊడదీసి రంగులెయ్యడం అన్నీ పిల్లలే. మధ్యలో కథ చెప్పేది. వెనకటికి జనాన్ని పీడించుకు తిన్న పటాలం అధికారి ఒకడుండేవాడట. వాడు పోయాక ఊరు ఊరంతా వాడి వేషం కట్టి, దానికి ఇంతేసి పళ్లు పెట్టి, వీధిలో తిప్పి నవ్విందట. పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్లు.

విడ్లీన్ మాత్రం రెండు వారాలు పన్ను ముట్టలేదు. ఒమెలీ బలవంతపెట్టకుండా కాగితం చింపే పని అప్పగించింది. మూడోవారం ఆ పిల్ల లేచొచ్చి, పక్కవాడు వంకరగా అంటించిన పన్ను పీకి తిన్నగా పెట్టింది. పొయ్యి మీద చిక్కుళ్లు మాడుతున్నా నేను అక్కడే నిలబడి చూశాను. అంత సంబరమేసింది నాకు.

ఊరేగింపు ఆదివారం రానే వచ్చింది. డప్పులు, వెదురు బూరలు, చెవులు చిల్లులు పడే గోల. పిల్లలు తమ మాస్కులు తొడుక్కుని గెంతుతూ నడుస్తున్నారు. ఎవరు ఏడుస్తారా అని ఫెనెలాన్ సార్ రుమాలు పట్టుకుని పక్కనే నడుస్తున్నాడు. సందు మలుపులో ఐదుగురు చలోస్కాలు ఒక్కసారిగా గర్జిస్తూ మీదికొచ్చారు.

పిల్లలు ఆగిపోయారు. ఒమెలీ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. విడ్లీన్ వరస తప్పి ముందుకెళ్లింది. తన మాస్కు నెత్తి మీదికి నెట్టుకుని, అందరికన్నా పొడుగాటి చలోస్కా నోట్లోకి తొంగిచూసింది.

"మామా, నీ కింది పన్ను ఊడుతోంది. జిగురు పల్చగా కాచావా?"

గర్జన మధ్యలోనే ఆగిపోయింది. "ఏదమ్మా?" అన్నాడు అతను మాస్కు లోపల్నించి.

ఇంకేముంది, పద్దెనిమిదిమందీ అతని చుట్టూ మూగారు. "రెండు పొరలే వేశాడు!" "సరిగ్గా ఎండలేదు!" ఇది చూసి ఇంకో చలోస్కాకి రోషం వచ్చినట్టుంది, వెనకనించి వెళ్లి ఫెనెలాన్ సార్ చెవిలో ఒక్క అరుపు అరిచాడు. సార్ "అమ్మో!" అని గెంతి పిల్లల వెనక నక్కాడు.

విడ్లీన్ వెనక్కి వచ్చి ఆయన వేలు పట్టుకుంది.

"ఏడవకండి సార్," అంది. "కాగితమే."