మామా అని పిలిచిన పిల్లవాడు

2022 చలికాలం. కువైట్‌లోని ఫింటాస్‌లో ఒక ప్రైవేట్ పిల్లల క్లినిక్‌లో నేను స్పీచ్ థెరపిస్ట్‌ని. మాటలు ఆలస్యమైన పిల్లల చేత మాట్లాడించడమే నా పని అని బయట అనుకుంటారు. సగం సమయం వాళ్ళ అమ్మానాన్నలకు ధైర్యం చెప్పడానికే పోతుంది. ఇద్దరికీ ఉద్యోగాలు, ఇల్లు చేరేసరికి పిల్లలు నిద్ర. కంటినిండా నిద్రపోయిన తల్లి నా గదిలోకి రావడం అరుదు.

శిరీష కూడా నిద్ర చాలని తల్లే. విజయవాడ అమ్మాయి, ఇంజనీరు. భర్తనూ, రెండున్నరేళ్ళ చిన్నూనూ తీసుకుని వచ్చింది. పిల్లవాణ్ణి ఎత్తుకున్నది రమణమ్మ. రాయచోటి వైపు మనిషి, వాడు పుట్టిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లోనే పని.

“నన్ను అమ్మా అని ఒక్కసారి కూడా పిలవలేదు మేడం. మామా అంటాడు. ఇంగ్లీషులో అంటున్నాడేమోలే అని సరిపెట్టుకున్నా,” అంది శిరీష.

నేను బొమ్మలు పరిచి చూస్తూ కూర్చున్నాను. వాడు మా ముగ్గురి ముందూ మూగవాడే. రమణమ్మ పక్కకు జరగ్గానే మాత్రం ఆమె వైపు చేతులు చాచి నోరు తెరిచాడు. “అమ్మా, నీల్లు!”

శిరీష మొహం పాలిపోయింది. అప్పుడు రమణమ్మ కంగారుగా, “మామా, బాటిల్ యాడ పెట్నారు?” అని శిరీషను అడిగింది. నాకు అర్థమైపోయింది. ఇక్కడ పనివాళ్ళు ఇంటావిడను మామా అంటారు. మునుపు అరబ్బుల ఇంట్లో చేసిన రమణమ్మకు ఆ అలవాటు పోలేదు. పగలంతా చిన్నూ వినేది ఆమె నోటి మాటే. అందుకే తల్లి వాడికి మామా అయింది, ఎత్తుకునే మనిషి అమ్మ అయింది.

శిరీష ఏడ్చేసింది. ఓదార్చింది నేను కాదు, రమణమ్మ.

“బాధపడొద్దు మామా. నా కూతురు గూడా వాళ్ళవ్వనే అమ్మా అంటాది. ఫోన్లో నన్ను కువైటమ్మా అని పిలుస్తాది. పెద్దయితే వాళ్ళకే తెలుస్తాదిలే.”

“అయితే ప్రాబ్లం ఈమేనన్నమాట,” అన్నాడు భర్త.

నాకు ఒళ్ళు మండింది. “కాదండీ. వాడికి ఆ నాలుగు మాటలైనా వస్తున్నాయంటే ఈవిడ చలవే. ఈవిడను మాన్పిస్తే అవీ పోతాయి,” అని గట్టిగానే చెప్పాను. తర్వాత మోడలింగ్ నేర్పాను. అంటే పిల్లవాడు అనాల్సిన మాటను మనమే వాడి ముందు పదే పదే అనడం. “అమ్మ వచ్చింది చూడు, అమ్మ దగ్గరికి పో” అని రమణమ్మ అనాలి, మామా అనడం మానాలి. రోజూ స్నానం మాత్రం శిరీష చేయించాలి, ఫోన్ పక్కన పడేసి. “మీరు చెడ్డ తల్లి కాదు, అలసిపోయారు, అంతే,” అన్నాను. ఆమె తేలికపడి వెళ్ళింది. రమణమ్మ మాటకోసారి నాలిక కరుచుకుంటూ “అమ్మగారూ” అని సాధన చేసుకుంటూ వెళ్ళింది.

నెల తిరిగాక వాళ్ళు మళ్ళీ వచ్చారు. రమణమ్మ లేదు.

“ఖలాస్ మేడం, ఊరికి పంపించేశాం. ఇక్కడ ఉండే పర్మిట్, ఇఖామా కూడా క్యాన్సిల్ చేయించా. ఇప్పుడు శుభ్రంగా అమ్మా అంటున్నాడు,” అన్నాడు భర్త, పెద్ద ఘనకార్యం చేసినట్టు.

శిరీష తల ఎత్తలేదు. “అంటున్నాడు మేడం. నన్ను కాదు. పొద్దున లేస్తూనే తలుపు దగ్గరికెళ్ళి నిలబడి అంటాడు. మిగతా మాటలన్నీ మానేశాడు.”

ఆ రోజు కూడా ఆమెకు ధైర్యం చెప్పాను, అది నా ఉద్యోగం. చిన్నూకి మళ్ళీ మాటలు రావడానికి ఏడాది పైనే పట్టింది.

ఆ కేసు నాకు నేర్పింది ఇదే. అలసిన తల్లిదండ్రులకు ఓదార్పు ఒక్కటే చాలదు, తప్పు మోపడానికి వాళ్ళకు ఒక మనిషి కూడా కావాలి. ఈ ఊళ్ళో ఆ మనిషి ఎప్పుడూ టికెట్ కొని పంపించేయగలిగిన మనిషే అవుతుంది.