గ్రేహార్న్ రిడ్జ్ మీద ఇవాళ్టి మంచు

శశికళ భర్త రామమోహన్ మైనింగ్ ఇంజనీరు. 1974లో కొలరాడోలో పదకొండు వేల అడుగుల ఎత్తున ఉన్న ఒక గనిలో ఉద్యోగం దొరికితే, ఆ గని కింది లోయలోని ఎల్క్ ఫోర్డ్ అనే చిన్న ఊళ్ళో కాపురం పెట్టారు. ఊరికి తూర్పున రంపపు పళ్ళలా గ్రేహార్న్ రిడ్జ్ అనే కొండ వరస. తెలుగు మాట మాట్లాడాలంటే మూడు గంటలు డ్రైవ్ చేసి డెన్వర్ వెళ్ళాలి. అంత ఎత్తున ప్రెషర్ కుక్కర్ లేనిదే కందిపప్పు ఉడకదని మొదటి వారంలోనే శశికళ తెలుసుకుంది. మిగతావి తెలుసుకోవడానికి నాలుగైదేళ్ళు పట్టింది.

కూతురు మీనాకు నాలుగేళ్ళు వచ్చాక, 1979లో, ఊళ్ళోని పర్వత సమాచార ఆఫీసులో ఉద్యోగానికి చేరింది. ఫోన్లు తీయడం, ఉత్తరాలు టైప్ చేయడం పని. ఏడాది తిరక్కుండా ఇంకో పని కూడా వచ్చి పడింది. రిడ్జ్ కింద గుడిసెలో ఉండే హాల్ అనే ఆయన తెల్లవారుజామునే మంచు ఎంత లోతుందో, గాలి ఎటు నుంచి ఎంత వేగంతో వీస్తోందో రేడియోలో చెబుతాడు. అది రాసుకుని, రెండు నిమిషాల మాటగా టేపు మీద చదవాలి. ఆఫీసు ఇచ్చిన ఒక నంబరుకు ఫోన్ చేసినవాళ్ళందరికీ ఆ టేపు వినిపిస్తుంది. చలికాలం మంచు వాలు మీద జారుతూ దిగే స్కీయింగ్‌కు వచ్చేవాళ్ళకు, ఎండాకాలం కొండ ఎక్కేవాళ్ళకు అదే దిక్కు. ఆమె యాస అర్థం కావడం లేదని మొదట్లో ఒకరిద్దరు ఫిర్యాదు చేశారు. ఆఫీసు పెద్ద మాత్రం, అంకెలు ఇంత విడమరిచి చెప్పే మనిషి తనకు ఇంతవరకు దొరకలేదన్నాడు. మ్యాప్‌లో ఆ రిడ్జ్ ప్రతి మలుపూ ఆమెకు కంఠతా వచ్చేసింది. ఎక్కి చూసింది లేదు. ఎత్తులంటే ఆమెకు భయం.

1980 డిసెంబరులో ఒక రోజు ఆఫీసు ఫోన్ మోగింది. అవతల ఇంగ్లీషు కాదు.

"ఏమండీ, మీరు తెలుగువారే కదూ? టేప్‌లో మీరు 'వెస్ట్' అన్న తీరు విని కనిపెట్టాను."

డెన్వర్‌లో ఒక హాస్పిటల్‌లో రెసిడెన్సీ చేస్తున్న డాక్టరు, పేరు ఉదయ్. తల్లి చిన్నప్పుడే పోతే అక్క నళిని పెంచిందట. ఇప్పుడా అక్క ఎక్కడో దూరాన నేపర్‌విల్ అనే ఊళ్ళో ఉంటుంది. తోటి డాక్టర్లు సరదాగా నేర్పిన స్కీయింగ్ అతనికి పిచ్చిగా పట్టుకుంది. ఆ తర్వాత ప్రతి నెలా ఒకటి రెండుసార్లు వచ్చేవాడు. దిగి వెళ్ళేటప్పుడు శశికళ ఇంట్లో ఆగి, తడిసిన మేజోళ్ళు హీటర్ మీద ఆరేసుకుని, పప్పూ అన్నం తినేవాడు. మీనాకు స్నో మీద పడిపోకుండా ఎలా నిలబడాలో నేర్పేవాడు. శశికళను మీరు అనడం మానేసి అక్కా అనడానికి ఎన్నో రోజులు పట్టలేదు. రామమోహన్ కొండల మీద జాగ్రత్త అంటే, అక్క టేపు వినకుండా తను డెన్వర్ దాటనని చెప్పేవాడు.

1982 మార్చి మొదటి శుక్రవారం నాటి టేపులో, గాలి గంటకు ఎనిమిది మైళ్ళు, మంచు గట్టిగా ఉంది, తూర్పు వాలు మీద స్కీయింగ్‌కు పెద్ద ఇబ్బంది లేదు అని చదివింది శశికళ. ఆ రాత్రంతా పడమటి గాలి వీచింది. అడుగు మందాన కొత్త మంచు పడింది. గాలి ఆ మంచునంతా ఊడ్చుకొచ్చి రిడ్జ్ దాటించి తూర్పు వాలు మీద పలకలా పరిచింది. పైకి చూస్తే నున్నగా, అందంగా ఉంటుంది. కింద పట్టు ఉండదు, మనిషి బరువు పడితే విరిగి జారిపోతుంది. శనివారం టేపు మారి ఉంటే ఆ సంగతే చెప్పేది.

కానీ శనివారం తెల్లవారుజామున నాలుగు గంటలకే మీనాకు నూట నాలుగు జ్వరం వచ్చి ఫిట్స్ మొదలయ్యాయి. ముప్ఫై మైళ్ళ దూరంలోని హాస్పిటల్‌కు బయల్దేరే ముందు శశికళ ఆఫీసుకు ఫోన్ చేసింది. డ్యూటీలో ఉన్నతను, నువ్వు వెళ్ళు, టేపు సంగతి నేను చూసుకుంటానన్నాడు. అతను రేడియో దగ్గర కూర్చునేలోపే కనుమ దారిలో ట్రక్కు బోల్తాపడిందని కబురొచ్చింది. సహాయక దళంలో కూడా ఉన్నవాడు కాబట్టి అటు పరుగెత్తాడు. శుక్రవారం టేపే తిరుగుతూ ఉండిపోయింది.

మధ్యాహ్నానికి మీనా జ్వరం దిగింది. శశికళ కుర్చీలో కూర్చున్నదల్లా ఒక కునుకు తీసింది. మూడు గంటల వేళ రామమోహన్ ఊళ్ళోంచి వచ్చి హాస్పిటల్ వరండాలో నిలబడ్డాడు. పాపకు తగ్గిందని ఆమె చెబుతుంటే కూడా అతని మొహం మారలేదు. ఉదయ్ జారిపడ్డ మంచు కింద కూరుకుపోయాడనీ, రెండు గంటలు తవ్వి బయటికి తీశారనీ, లాభం లేకపోయిందనీ చెప్పాడు.

మూడు రోజుల తర్వాత కృష్ణమోహన్ అనే అతను ఇంటికొచ్చాడు. ఉదయ్‌తో కలిసి ఆ రోజు కొండెక్కిన స్నేహితుడు. తను పైనుంచి చూస్తుండగానే ఉదయ్ స్కీల కింద మంచు పలక విరిగిందట. ఆమెను ఓదార్చాలనే అనుకున్నాడు పాపం, అసలు సంగతి అతనికి తెలియదు.

"పొద్దున్నే మీ టేప్ విన్నాడండీ. 'అక్క బాగుందని చెప్పింది, పద' అన్నాడు."

గాలి ఎన్ని మైళ్ళని ఉంది టేపులో అని శశికళ అడిగింది. ఎనిమిది అన్నాడతను. ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళి, కుళాయి తిప్పి, నీళ్ళు అలా పోతుంటే చూస్తూ నిలబడిపోయింది.

విచారణలో ఎవరూ ఆమె వైపు వేలు చూపలేదు. డ్యూటీలో ఉన్నతన్ని మందలించారు. టేపులో తారీఖు చెప్పే ఆనవాయితీ అంతకుముందు లేదు. రాసేది తనే, చదివేది తనే, ఆ ఒక్క ముక్క తనకైనా తోచలేదు కదా అని ఆమె బాధ. మరుసటి సోమవారం నుంచి ఎవరూ చెప్పకుండానే మొదటి మాటగా తారీఖు, గంట చదవడం మొదలుపెట్టింది. ఇది మధ్యాహ్నం వరకే నమ్మండి అని చివర చేర్చింది.

ఆగస్టులో నళిని వచ్చింది. డెన్వర్‌లో అంత్యక్రియలప్పుడు ఇద్దరూ సరిగా మాట్లాడుకోనే లేదు. తమ్ముడు పోయిన చోట ఒక్కసారి నిలబడి రావాలని ఉందని ఉత్తరం రాస్తే, తనే తీసుకెళ్తానని శశికళ జవాబిచ్చింది. రామమోహన్ ఆశ్చర్యపోయాడు. హాల్ మాత్రం, పన్నెండులోపు దిగిపోవాలని పదే పదే చెప్పాడు. ఆ నెలలో రోజూ మధ్యాహ్నానికి రిడ్జ్ మీద పిడుగులు పడతాయి.

ఏడు గంటలకు బయల్దేరారు. చదునైన ఊళ్ళో ఉండే నళినికి ఊపిరి అందక పది అడుగులకోసారి ఆగవలసి వచ్చింది. చెట్లు అయిపోయి రాళ్ళు మొదలైన చోట దారి సన్నబడింది. ఎడమ పక్క లోయలోకి చూడకుండా, ముందు రాయినే చూస్తూ శశికళ నడిచింది. నీడ పట్టున ఇంకా మురికి మంచు మిగిలి ఉంది. పదకొండు దాటాక ఒక బండ మీద కూర్చుని నీళ్ళు తాగారు. దూరంగా తూర్పు వాలు కనిపిస్తోంది. చెప్పాలంటే ఇప్పుడే చెప్పాలి అనుకుంది శశికళ.

"ఆ రోజు ఉదయ్ విన్నది ముందురోజు రిపోర్ట్ అండీ. పాపకి జ్వరమొచ్చి నేను ఆఫీస్‌కి వెళ్ళలేదు. టేప్ ఎవరూ మార్చలేదు. అందులో ఉన్నది నా గొంతే."

నళిని నీళ్ళ సీసా మూత బిగించి పక్కన పెట్టింది.

"అది పాతదని వాడికి తెలుసా?"

"తెలిసే దారి లేదు. తారీఖు చెప్పేదాన్ని కాదప్పుడు."

"మీరిది చెప్పకుండా ఉండాల్సింది" అంది నళిని. "వాడే తొందరపడ్డాడు అనుకుని, వాణ్ణే తిట్టుకుంటూ ఎలాగో బతుకుతున్నాను."

లేచి ముందుకు నడిచింది. శశికళ వెనకాలే వెళ్ళింది. పావుగంట నడిచారో లేదో పడమట మబ్బు నల్లబడింది. గాలి ఒక్కసారి ఆగిపోయింది. శశికళ చేతి మీది రోమాలు నిక్కబొడుచుకున్నాయి. అది పిడుగు పడబోయే గుర్తని ఎండాకాలమంతా టేపు మీద చదువుతూనే ఉంది.

"నళిని గారూ, ఆగండి. దిగిపోదాం."

"అదిగో, అక్కడే కదా. పది నిమిషాల్లో వచ్చేస్తాను."

"పది నిమిషాలు లేవు."

నళిని వెనక్కి తిరిగింది. "ఇవాళ మటుకు తెలుసా మీకు?"

"ఇవాళ తెలుసు" అంది శశికళ. వెళ్ళి ఆమె మణికట్టు పట్టుకుంది. విదిలించినా వదల్లేదు. అలాగే పట్టుకుని, ఎత్తు భయం కూడా మరిచి, ఆ సన్నటి దారంట ఇద్దరూ దాదాపు జారుకుంటూ దిగారు. చెట్లు మొదలయ్యే చోటికి చేరేసరికి వెనక రిడ్జ్ మీద పిడుగు పడింది. ఇంకోటి. వడగళ్ళు మొదలయ్యాయి. నళిని ఒక రాతి పక్కన కూలబడి, పోయి అయిదు నెలలైన తమ్ముణ్ణి పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చింది. దగ్గరికి వెళ్ళాలో వద్దో తెలియక శశికళ నాలుగడుగుల దూరంలో తడుస్తూ నిలబడింది.

కారు ఇంటి ముందు ఆగింది. భోజనం చేసి వెళ్ళమంటే, ఫ్లైట్‌కి టైమ్ అవుతోందని చెప్పి నళిని వెళ్ళిపోయింది.

నవంబరులో ఒక ఉత్తరం వచ్చింది. నాలుగే వాక్యాలు. తన మనసు ఇంకా సమాధానపడలేదని, పడుతుందో లేదో తెలియదని రాసింది నళిని. ఆ రోజు చెయ్యి పట్టుకుని లాక్కొచ్చినందుకు కృతజ్ఞత చెప్పాలని తెలుసుననీ, చెప్పలేకపోతున్నాననీ రాసింది. పాపకు ఆ జ్వరం మళ్ళీ రాలేదు కదా అని అడిగింది. శశికళ నాలుగుసార్లు జవాబు మొదలుపెట్టి చించేసింది. అయిదోసారి, రాలేదండీ, రెండో క్లాసు చదువుతోంది అని మాత్రం రాసి పోస్టు చేసింది. ఆ తర్వాత అటు నుంచీ ఇటు నుంచీ ఉత్తరాలు లేవు.

గనిలో విడతలు విడతలుగా జనాన్ని తీసేశారు. 1986లో రామమోహన్ వంతు వచ్చింది. మిషిగన్‌లో నోవై దగ్గర కార్ల విడిభాగాల కంపెనీలో పని చూసుకున్నాడు. సామాన్లు సర్దడం అయ్యేదాకా శశికళ ఒక్క ఉదయం కూడా ఆఫీసు మానలేదు. ఆ నాలుగేళ్ళలో ఆమెకు జ్వరమొచ్చినా దుప్పటి కప్పుకుని వెళ్ళి చదివి వచ్చేది. వద్దని చెప్పి చెప్పి రామమోహన్ ఊరుకున్నాడు.

నోవైలో కొండలు లేవు. అక్కడి తెలుగువాళ్ళు పార్టీల్లో, కొలరాడోలో ఏం చేసేవారండీ అని అడిగితే, ఆఫీసులో ఫోన్లు తీసేదాన్ని అని చెప్పేది.