గాలించమన్నారు, గాలించాను

ఇంకాస్త దగ్గరికి జరిగి కూర్చోండి, గొంతు పెంచి చెప్పుకునే ఘనకార్యం కాదిది. ఆ రోజుల్లో మాకు బంగారమంటే మెడలో పుస్తెలే. అది రాళ్లలో ఉంటుందంటే నవ్వేవాళ్లం. నేను కాపురానికొచ్చిన ఏడు, ఆత్మకూరు దగ్గర మా ఊరి గుట్ట కింద, ఏ కాలంలోనో ఎవరో తవ్వి వదిలేసిన పాత గుంతను హైదరాబాదు నుంచి వచ్చిన సారు ఒకాయన మళ్లీ తవ్వించాడు. మగవాళ్లు గడ్డపారలతో మెట్లుమెట్లుగా తవ్వుతుంటే, ఆడవాళ్లం తెల్లరాయిని తట్టలకెత్తి మోసేవాళ్లం. ఆ రాయిని రోట్లో దంచి, నీళ్లలో గాలిస్తే బంగారం బయటపడుతుందట.

గాలించే మనిషి కావాలని మీసాల మేస్త్రి అడగగానే మా అత్త అందుకుంది. "నా కోడలు బియ్యం గాలిస్తే పంటి కింద ఒక్క రాయి రాదు. దాన్ని కూసోబెట్టు." (ఇంట్లో మాత్రం నా చేతి వంటను ఏనాడూ మెచ్చుకోలేదు.) అట్లా ఎండలో మోత తప్పి, పందిరి కింద చెక్కపళ్లెం పట్టాను. ఎట్లా గాలించాలో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. అది అడిగి తెలుసుకునే పనా?

పది రోజులు సాయంత్రం పూట సారు నేను గాలించి నింపిన కుండలో వెతికాడు. ఒక్క మెరుపూ లేదు. "రేపు గూడ ఏం రాకుంటే గుంత బంద్. అందరం ఇండ్లకు పోవుడే" అన్నాడు మేస్త్రి. ఆ ఏడు వానల్లేవు, ఊరికి కూడు పెట్టేది ఆ గుంతే. మర్నాడు ప్రాణం పెట్టి గాలించాను. సారు వచ్చి వెనక నిలబడ్డాడు. నేను పైకి తేలిన తెల్లటి పిండినంతా జాగ్రత్తగా కుండలోకి వంచి, అడుగున మిగిలిన నల్ల ఇసుకను పక్కకు విసిరికొట్టాను.

"అరె అరె! ఏం పారబోసినవమ్మా?"

"రాళ్లు సారూ. అడుగున ఉండేటియి రాళ్లే గద! మంచిది కుండల పోసిన."

మేస్త్రి నెత్తి పట్టుకున్నాడు. "ఓ నా తల్లీ! బంగారం బరువుకు అడుగుకే దిగుతది. పది దినాల సంది గిట్లనే చేస్తున్నవా?"

"గాలించుమన్నరు, గాలించిన. మీ ఇంట్ల బియ్యం గాలిస్తే బియ్యం పారబోసి రాళ్లు వండుకుంటరా?"

సారు పడీపడీ నవ్వి, ప్యాంటు తడుస్తుందని కూడా చూడకుండా నేను పారబోసిన కుప్ప దగ్గర కూలబడ్డాడు. ఆ ఇసుకనే మళ్లీ గాలిస్తే, పళ్లెం అంచున దారమంత సన్నగా పచ్చటి మెరుపు! "గుంత బంద్ లేదు పోండ్రి!" అని మేస్త్రి కేక పెట్టగానే తట్టలన్నీ గాల్లోకి లేచాయి. మళ్లీ వానలు పడేదాకా ఊరంతటికీ పని దొరికింది. మా అత్తయితే వాడవాడా తిరిగింది: "బంగారం పారబోసేటంత ఉన్నోళ్ల పిల్లను తెచ్చుకున్న!"

గిట్టుబాటు కాదని ఆ గుంతను తర్వాత మూసేశారు. ఇప్పుడు నోరు విప్పే ముందు నాలుగుసార్లు ఆలోచిస్తాను గానీ, తప్పంతా తనదై ఉండి కూడా మేస్త్రినే దబాయించిన ఆ పిల్లంటే నాకెంత ముద్దో! మీ ఇంట నవ్వుకు కరువు రాకూడదు, మీ పిల్లాజెల్లా చల్లగా ఉండాలి.