సీలు తియ్యని కాయలు

అక్క టికెట్లు కొనిస్తే, విశాఖలో విహారయాత్ర ఓడెక్కడానికి నాయనా నేనూ పోయాం. ఓడలో ఎంత తిన్నా ఎవరూ అడగరని చెప్పినా వినకుండా, నాయన వేయించిన వేరుశనగ కాయలు సంచికి ఎత్తుకున్నాడు. వరస కరువుల తర్వాత శింగనమలలోని మా చేలో పండిన మొదటి పంట అది. పంట అనడం మర్యాదకే. సగం కాయలు గుల్లవి.

రేవులో గార్డు సంచి ఆపాడు. "ఇంటి తిండి కుదరదండి. సీలు తియ్యని ప్యాకెట్లయితేనే పంపుతాం."

నాయన ఒక కాయ తీసి చూపించాడు. "ఇది యాడన్నా విప్పినట్ల ఉండాదా అన్నా? సేనులో పడిన సీలు ఇంగా అట్లే ఉండాది."

నాతో పాటు గార్డూ నవ్వాడు. "అయితే విప్పండి, లోపలేముందో చూద్దాం."

నా నవ్వు ఆగిపోయింది. ఇంతమంది ముందు గుల్ల బయటపడితే, మా చేలో పండినదాన్ని నాయన ఇంకెప్పుడూ పంట అనలేడు.

ఆయన ఆ కాయను చెవి దగ్గర ఊపి పక్కన పెట్టాడు. ఇంకోటి ఊపాడు. అదీ మోగలేదు. వెనక క్యూలో ఎవరో విసుక్కున్నారు.

"ఉండప్పా, ఓడ యాడికీ పోదులే" అన్నాడు నాయన, ఓడ తనదే అయినట్టు.

చివరికి గలగలమన్న కాయ దొరికింది. చిదిపితే మూడు గింజలు! గార్డు ఒకటి నోట్లో వేసుకుని, రెండోదీ తీసుకుని, సంచి వదిలేశాడు.

ఓడలో బల్లల నిండా తిండి. నేను మొహమాటపడలేదు. నాయన మాత్రం డెక్కు మీద కూర్చుని ఒక్కో కాయా ఊపి చూసుకుంటూ తిన్నాడు. మోగని కాయలను తిరిగి సంచిలోకే వేస్తున్నాడు.

"గుల్లవి ఎందుకు నాయనా?"

"అవీ మన సేనువే కదప్పా. సముద్రం చూడనీ."