బల్ల కింది పిల్లి

ఆ పిల్లి అక్కడ ఉండటానికి వీల్లేదు.

పళ్ళమ్మ నిమ్మకాయంత స్ఫటికాన్ని కిటికీ వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసింది. లోపల ఆమె చెక్కిన భోజనాల గది: బల్ల, మూడు కుర్చీలు, రేడియోకు చెవి ఒగ్గి కూర్చున్న భర్త. అంతా ఆమె చేతి పనే. బల్ల కింద, భర్త కుర్చీ కాలికి ఆనుకుని ముడుచుకు పడుకున్న పిల్లి మాత్రం ఆమెది కాదు. అసలు ఆ ఇంట్లో పిల్లే లేదు.

ఆమె ఉద్యోగం దంతవైద్యుడి దగ్గర కట్టుడు పళ్ళు తయారుచేయడం. ఆ పేరు అలా వచ్చిందే. అక్కడ మూలపడిన పాత డ్రిల్లును అడిగి తెచ్చుకుని, వజ్రపు పొడి అద్దిన ములుకులతో, నీటి చుక్కల కింద స్ఫటికాలు చెక్కడం ఆమె వ్యాపకం. అడుగు వైపు నుంచి తొలుచుకుంటూ పోతే, పైనుంచి చూసేవారికి రాయి లోపల బొమ్మ నిలబడినట్టు కనబడుతుంది. ఈ పనిలో తీసెయ్యడమే గాని అతికించడం లేదు. చెయ్యి జారి పడిన గాటును పూడ్చలేం. దాన్నే మరికొంచెం తొలిచి ఏదో ఒక ప్రాణిగా మార్చాలి. ఆమె స్ఫటికాల్లో కిటికీ మీది కాకీ, గోడ మీది బల్లీ అలా పుట్టినవే. ఆ బల్లి తోక మెలికను చూసి జనం ముక్కున వేలేసుకుంటే, ఆమె గంభీరంగా తల పంకించి ఊరుకునేది. అసలు సంగతి ఇంటి గడప దాటలేదు.

అంటే ఈ పిల్లి కడుపులోనూ ఒక గాటు ఉండి తీరాలి. ఎవరో తన రాయిని ముట్టుకుని, పాడుచేసి, తన ఉపాయంతోనే తన కళ్ళు కప్పారు. రాబోయే ఆదివారం అభిరుచి కళల ప్రదర్శన. పోటీకి పెట్టే వస్తువు ఆసాంతం ఒక్కరి చేతి పనేనని నలుగురి ముందు మాట ఇవ్వాలి. ఏడాది కష్టం ఒకవైపు, ఆ మాట ఒకవైపు.

"నా పని బల్ల దగ్గరికి ఎవరొచ్చారు?" అని అడిగింది.

భర్త పేపరు దించలేదు. "దుమ్ము వచ్చి ఉంటుంది. పిలవకపోయినా వచ్చేది అదొక్కటే."

"వెటకారాలొద్దు. మీరేనా?"

"నేనా? చొక్కా గుండీలు పెట్టుకుంటేనే ఒకటి పైకీ ఒకటి కిందకీ పోతాయి నాకు. నన్ను అనుమానించావంటే అది నాకు సన్మానమే."

ఎడమచేత్తో చకచకా కూర తరుగుతున్న ఆడపడుచు పకపకా నవ్వింది. దర్జీ దుకాణంలో కాజాలు కుట్టే మనిషి. పెళ్ళి మాటెత్తితే సూది చూపించి, అన్నయ్య ఇంట్లోనే ఉండిపోయింది. "అన్నయ్య పిల్లిని చెక్కితే అది పందిపిల్ల అవుతుంది వదినా!"

పళ్ళమ్మ చూపు కత్తిలా తిరిగింది. "పిల్లి అని నేనన్నానా?"

కత్తిపీట చప్పుడు ఆగింది. "నిన్న తుడుస్తూ చూశాలే. చూడటం కూడా నేరమేనా?"

నమ్మదగిన జవాబే. అందుకే అది పళ్ళమ్మకు మింగుడు పడలేదు.

ఆ రోజు రాయిని పనికి తీసుకుపోయింది. భోజన విరామంలో, పంటి కొలతలు తీసే మైనాన్ని వెచ్చజేసి బల్ల కింది గుంటలో నొక్కి, చల్లారాక ఊడదీసింది. మైనం మీద పిల్లి ఉబ్బెత్తుగా లేచింది. పళ్ళ పని చూసుకునే పెద్ద భూతద్దం కింద ములుకు గీతలు చారచారలుగా కనిపించాయి. బల్ల మీద గీతలు ఒక వాలు, పిల్లి మీద వాటికి ఎదురు వాలు. అది ఎడమచేతి పని.

"దొరికింది దొంగ," అనుకుంది. కాని దొరికిన సాక్ష్యాన్ని సగమే చదివి తీర్పు చెప్పడం ఆమె స్వభావం కాదు. మైనాన్ని మరోసారి తిప్పింది. పిల్లి పొట్ట కింద, చెరిగీ చెరగని పొడుగాటి గాటు ఒకటి ఉంది. దాని వాలు వేరు, అది కుడిచేతిది. భర్త మీదికి అనుమానం మళ్ళింది, అంతలోనే ఆగింది. గాటు చివర చిన్న కొక్కెం ఉంది. పంటి అంచు దిద్దేటప్పుడు ములుకును పైకి లేపుతూ చిటికెడు వంచడం ఇన్నేళ్ళుగా ఆమె చేతికి పట్టిన అలవాటు. ఆ కొక్కెం ప్రపంచంలో ఇంకెవరిదీ కాదు.

ఆమె భూతద్దం పక్కకు జరిపి మైనాన్ని వట్టి కళ్ళతో చూసింది. గాటు కనిపించలేదు. పిల్లి కూడా మసకగానే ఉంది.

సాయంత్రం మైనాన్ని భోజనాల బల్ల మీద పెట్టింది. భర్త రేడియో కట్టేశాడు.

"పిల్లి నీది. గాటు నాది. అవునా?"

ఆడపడుచు కొంగు అంచు నలిపింది. "నీ చెయ్యి జారడం గుమ్మంలోంచి చూశాను వదినా. జారితే జారింది, నీకు తెలియనే లేదు. నువ్వు పాట పాడుకుంటూ పక్క కుర్చీ మొదలుపెట్టావు. నువ్వు లేనప్పుడు ఆ గాటును పిల్లిని చేశాను."

"చెప్పాలి కదా!"

"చెబితే కళ్ళజోడు మాట ఎత్తాలి. ఆ మాట ఎత్తిన రోజు ఈ ఇంట్లో పొయ్యి కూడా భయపడి వెలగదు," అన్నాడు భర్త.

"మీకూ తెలుసా?"

"కాపలా కాసింది నేనే మరి."

ఆడపడుచు గుండీల డబ్బా తెచ్చి బోర్లించింది. పళ్ళమ్మ పారేసిన స్ఫటికపు పెచ్చులు గుండీలతో కలిసి దొర్లాయి. ప్రతి పెచ్చు మీదా ఒక పిల్లి. మొదటిది తోక తగిలించిన బంగాళదుంప. చివరిది, నిజం చెప్పుకోవాలంటే, పిల్లే.

పళ్ళమ్మ వాటిని ఒక్కొక్కటే దీపం దగ్గరికి, కళ్ళకు బాగా దగ్గరికి తెచ్చుకుని చూసింది. "మీసాలు పెట్టడం రాదు నీకు," అంది చివరికి.

ఆదివారం కొత్త కళ్ళజోడుతో ప్రదర్శనకు వెళ్ళింది. నిర్వాహక సంఘం పెద్ద మర్యాదగా అడిగాడు: "ఆసాంతం మీ చేతి పనేనా అమ్మా?"

"కాదు. పిల్లి మా ఆడపడుచుది."

"అయితే పోటీలో పెట్టలేమమ్మా. ఆ మూల బల్ల మీద ఊరికే చూడటానికి పెడతాం."

"పెట్టండి. వెలుతురు మాత్రం ఎడమవైపు నుంచి పడాలి. లేకపోతే పిల్లి కనబడదు," అని, తనే దీపం జరిపి వచ్చింది.

ఇంటికి చేరాక చెప్పులు విప్పి తిన్నగా అలమర దగ్గరికి నడిచింది. పాత స్ఫటికాలన్నీ వరసగా దించి, మైనం వెచ్చబెట్టడం మొదలుపెట్టింది. కొత్త కళ్ళజోడులోంచి ఆడపడుచును ఆపాదమస్తకం చూసింది.

"కాకి నాదేనా?"

"పూర్తిగా నీదే వదినా, ఒట్టు," అంది ఆడపడుచు, మెల్లగా వంటింటి వైపు జరుగుతూ. "బల్లి తోక సంగతి మాత్రం అడగొద్దు."