శవం చూపించని కథలు

వీడియో ఆటలో మీరు చంపిన దుర్మార్గుడి శవాన్ని ఎప్పుడైనా చూశారా? చూశామని తొందరపడి చెప్పకండి. గుర్తు చేసుకోండి. అతను కోట బురుజు మీంచి పొగమంచులోకి పడ్డాడు. లేదా పైకప్పు కూలి మీద పడింది. లేదా మంట ఎగసి ఆరిపోయాక నేల మీద అతని అంగీ ఒక్కటే మిగిలింది. బాకాలు మోగాయి, మీరు గెలిచారని తెర మీద అక్షరాలు పడ్డాయి, మీరు నమ్మేశారు. తర్వాతి భాగంలో అతను సగం కాలిన ముఖంతో తలుపు తోసుకుని వచ్చినప్పుడు మాత్రం మోసం అన్నారు. మోసం అప్పుడు జరగలేదు. శవం ఏదని మీరు అడగనప్పుడే జరిగింది.

ఈ మాట అనే హక్కు నాకుంది. అలాంటి ఒక దుర్మార్గుణ్ణి తెలుగులో నిజంగా చంపినవాణ్ణి నేను.

ఈ వయసులో ఆటలతో నాకేం పని అని మీరు అడగవచ్చు. వయసులో ఉన్నప్పుడు ఊరూరా తిరిగి వేదికలెక్కి వాదించాను. గాలిలోంచి విభూతి తీసే స్వాములను ముందు చేతులు కడుక్కోమన్నాను. గోతిలో సమాధి అయ్యానన్నవాడి గొయ్యి పక్కన తెల్లవార్లూ కాపలా కూర్చున్నాను. తర్వాత నేను రాసే పత్రికలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. నాతో వాదించినవాళ్ళలో కొందరు పోయారు, మిగిలినవాళ్ళు మర్యాదస్తులయ్యారు. ప్రూఫులు దిద్దే పని కోసం బెంగళూరు వచ్చాను. ఆ పనీ పోయాక కాడుగోడిలో రైలు స్టేషను వెనక ఒంటిగది ఇంట్లో మిగిలాను.

ఎదుటిపక్షం లేని వాదకుడు ఏమవుతాడో మీకు తెలియకపోవచ్చు. టీవీలో జాతకాలు చెప్పేవాడికి జవాబులు చెబుతాడు. కూరగాయల కొట్టు దగ్గర గ్రహణం గురించి ఉపన్యాసం మొదలుపెడతాడు. కొట్టువాడు అవును సార్, నిజమే సార్ అంటూ సంచిలో ఒక కొత్తిమీర కట్ట ఊరికే వేసి పంపేస్తాడు. నాకు కొత్తిమీర అక్కర్లేదు. కాదు అనే మనిషి కావాలి.

అలాంటి రోజుల్లో హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఒక చిన్న కంపెనీలో పని దొరికింది. పరాయి దేశాల్లో తయారైన మంత్రతంత్రాల ఆటలకు వాళ్ళు మన భాషల్లో మాటలు పెడతారు. పాత్రలు మాట్లాడే తెలుగు నేను రాయాలి. ఇంట్లోనే రాసుకోవచ్చు గాని, శనివారం మధ్యాహ్నం రికార్డింగుకు మాత్రం వెళ్ళాలి. గోడలకు స్పాంజి అతికించిన చిన్న గది, మధ్యలో గాజు పలక, ఇవతల నేను. రెండు బస్సులు మారి వెళ్ళేవాణ్ణి. ఇంటి నుంచే వినవచ్చు కదా అని ఎవరైనా అంటే అక్షరదోషాలంత సులువుగా ఉచ్చారణ దోషాలు దొరకవని చెప్పేవాణ్ణి. అసలు కారణం వేరు.

ఆటలో దుర్మార్గుడు ఒక మాంత్రికుడు. అతనికి గొంతు ఇచ్చే మనిషి పీణ్యలో లేతు మిషను మీద పనిచేస్తాడు. తాతల కాలంలోనే బెంగళూరులో స్థిరపడిన తెలుగువాడు. నుదుట కుంకుమ, చొక్కా జేబులో దేవుడి ఫోటో. మిషన్ల మోతలో వారమంతా సైగలతోనే గడుస్తుందని చెప్పేవాడు.

"ఆడ నేను మాట్లాడితే నాకే ఇనబడదు సార్. ఈడ గాజు అవతల నలుగురు కూచోని ఇంటారు. ఇది ఒగటే ఉండాది నాకు" అన్నాడు ఒకసారి.

రికార్డింగు అయ్యాక మూల మీది బేకరీ దగ్గర నిలబడి టీ తాగేవాళ్ళం. ఒక ఆలూ బన్ను తుంచుకుని చెరి సగం తినేవాళ్ళం. అక్కడ మొదలయ్యేది. దిష్టి, రాహుకాలం, పునర్జన్మ, ఏదీ వదిలేవాళ్ళం కాదు. ఆయన ఒక్క అంగుళం కూడా వెనక్కి తగ్గేవాడు కాదు. గ్రహణం పట్టిన వేళ నేను కడుపునిండా అన్నం తిన్నానని గర్వంగా చెబితే, నన్ను కిందికీ పైకీ చూసి "దానికే ఇట్ల ఉండావు సార్" అన్నాడు. ఆ వారమంతా ఆ మాటకు జవాబు వెతుక్కుంటూ హాయిగా గడిపాను.

ఇక హత్య సంగతి. మొదటి భాగం చివర మాంత్రికుడి మీద గోపురం కూలుతుంది. కథానాయకుడు దూరంగా కత్తి దించి నిలబడతాడు. అతని వెంట ఉండే వైద్యురాలు రాళ్ళ మధ్యకు వెళ్ళి వంగి, లేచి, అయిపోయింది అంటుంది. నాకిచ్చిన ప్రతిలో ఉన్నది ఆ ఒక్క మాటే. నాకు ఒళ్ళు మండింది. ఏమి అయిపోయింది? యుద్ధమా, మనిషా, ఆమె ఓపికా? ఇలాంటి జారుడు మాటల మీదే కదా స్వాములందరూ బతికేది. అందుకని తెలుగులో ఆమె చేత ఇలా అనిపించాను: "ఊపిరి లేదు. నాడి లేదు. చనిపోయాడు." ఆమె నోరు కదిలే వ్యవధిలో గబగబా చెబితే సరిపోయింది. విడుదల హడావిడిలో ఎవరూ పట్టించుకోలేదు.

కొన్ని నెలలకు రెండో భాగం పని మా చేతికి వచ్చింది, దాని ట్రైలరు బయట విడుదలైంది. అందులో మాంత్రికుడు బతికే ఉన్నాడు. కంపెనీలో తెలుగు పనంతా చూసుకునే అమ్మాయిది విజయవాడ. నన్ను కూర్చోబెట్టి, తెలుగులో ఆడేవాళ్ళు ఏం రాస్తున్నారో ఫోనులో చూపించింది. వైద్యురాలు నాడి చూసింది కదా, మళ్ళీ ఎలా లేచాడని అందరూ నిలదీస్తున్నారు. వేరే భాషల్లో ఆడేవాళ్ళకు ఆ సందేహమే రాలేదు.

"ఒరిజినల్‌లో ఆవిడ జస్ట్ ఒక మాట అంటుంది సర్. మీరు పోస్ట్‌మార్టమ్ రిపోర్ట్ రాశారు" అంది.

చచ్చినవాడు చచ్చాడని రాయడం తప్పా అన్నాను. ఎవరినీ పూర్తిగా చంపకూడదన్నది ఈ కథల్లో మొదటి నియమమని ఓపిగ్గా చెప్పింది. ఎవరితో ఎప్పుడు అవసరం పడుతుందో తెలియదు కనుక ముఖం చూపించరు, శవం చూపించరు. తప్పనిసరై చూపిస్తే దానికీ విరుగుడు ఉంటుంది. పడిపోయింది అతని నకలు. లేదా అతని ప్రాణం ముందే ఒక రాతిలో దాచి ఉంది. లేదా చివరి క్షణంలో శిష్యుడి ఒంట్లోకి మారాడు. ఆమె వేళ్ళు ముడుస్తూ చెబుతుంటే నాకు నవ్వొచ్చింది. ఇవన్నీ నేను ముందే విన్నాను, భక్తుల నోట. మా స్వామి పోలేదు, దేహం మార్చుకున్నారు. మా గురువు పోలేదు, హిమాలయాల్లో ఉన్నారు. ఆట నయం. కనీసం తాను ఆటనని ఒప్పుకుంటుంది.

కాని నవ్వే వేళ కాదది. పైవాళ్ళు ఒక దారి ఆలోచించారట. తెలుగులో మాత్రం ఈ వచ్చినవాడు మాంత్రికుడి తమ్ముడని చెబుతారు. తమ్ముడు గనక గొంతు మారాలి. హైదరాబాదులో ఎవరినో చూశారు. వచ్చే శనివారంలోగా ఇంతకన్నా మంచి ఉపాయం నేను చెబితే సరే, లేకపోతే అదే ఖాయం. బొమ్మల్లో ఏదీ మారదు, మాటలు మాత్రమే నా చేతిలో ఉన్నాయి.

ఆ సాయంత్రం బేకరీ దగ్గర ఆయనకు చెప్పాను. టీ గ్లాసు కింద పెట్టాడు.

"అంటే నన్ను హీరో సంపలేదు. నువ్వు సంపినావు."

నేను సాక్ష్యాధారాల గురించి ఏదో మొదలుపెట్టాను. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"ఒగ అద్భుతం రాయి సార్. సుమ్నే, ఊరికే ఒగటి. రాయి పగిలింది, పొగ వచ్చింది, లేసినాడు. ఎవురడిగేది?"

"నేను అడుగుతాను" అన్నాను.

"అడుగు. బాగా అడుగు. సచ్చినోడు సచ్చినట్టే ఉంటే, వచ్చే శనివారం మనమిద్దరం కొట్లాడేది ఏడప్పా?"

తన సగం బన్ను కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టి బస్సు కోసం వెళ్ళిపోయాడు.

ఆ వారం నా గది ఎంత చిన్నదో తెలిసింది. రైళ్ళ రాకపోకలను మూడు భాషల్లో చెబుతుంటే వింటూ కూర్చున్నాను. అద్భుతం రాయడం కష్టం కాదు. ముప్పై రకాలుగా రాయగలను, ముప్పై రకాలనూ వేదికల మీద చీల్చినవాణ్ణి. కలం కాగితం మీద పెట్టేసరికి చెయ్యి మొరాయించేది. ఒక మనిషి గొంతు నిలబెట్టడానికి ఒక్క అబద్ధం రాయలేని నిజాయితీ ఎవరికి కావాలని నన్ను నేనే తిట్టుకున్నాను. ఆ తిట్టు కూడా గదిలో నేనొక్కణ్ణే విన్నాను.

గురువారం అన్నం వండుకుంటూ, అలవాటుగా, ఎదుటివాణ్ణి అడిగే మొదటి ప్రశ్న అడిగాను. ఎవరు చూశారు? ఎవరైనా వేదిక మీద అద్భుతం గురించి చెప్పగానే నేను అడిగేది అదే. ఎంతమంది చూశారు, ఎంత దగ్గర నుంచి చూశారు, చూసినవాళ్ళకు అందులో ఏమైనా అవసరం ఉందా? ఈసారి ఆ ప్రశ్న నా వాక్యాన్నే అడిగాను. ఊపిరి లేదన్నది ఎవరు? వైద్యురాలు. ఇంకెవరైనా తాకి చూశారా? లేదు. కథానాయకుడు దూరంగా నిలబడ్డాడు. ఒకే ఒక సాక్షి. ఒక్క సాక్షి మాట మీద నిలబడ్డ పునర్జన్మలనూ మహిమలనూ జీవితమంతా కొట్టిపారేసిన నేను, ఒక చావును మాత్రం ఒక్క సాక్షి మాట మీద నిలబెట్టాను.

స్టవ్ ఆర్పేసి కూర్చున్నాను. ఆమెకు అవసరం ఉందా? కథంతా ఆమె చేసిందేమిటి? కథానాయకుడు నరుక్కుంటూ పోతుంటే వెనకాల కట్లు కట్టుకుంటూ వచ్చింది. రెండో భాగంలో మాంత్రికుడు తలుపు తోసుకుని రాగానే బొమ్మలో ఆమె తల దించుకుంటుంది. అసలు కథలో అది భయం. తెలుగులో అది వేరొకటి కావచ్చు. రాశాను: "ఆ రోజు నేను అబద్ధం చెప్పాను. ఊపిరి ఉంది. ఇంకో చావు చూసే శక్తి నాకు లేదు."

రాయి పగల్లేదు, పొగ రాలేదు. ఒక అలసిపోయిన మనిషి అబద్ధమాడింది, అంతే. మనుషులు ఆడతారు.

శనివారం ఆ అమ్మాయి చదివి, ఇంకోసారి చదివి, పైకి పంపింది. ఒప్పుకున్నారు. తమ్ముడు పుట్టకుండానే పోయాడు. మాంత్రికుడికి పాత గొంతే ఉంటుందని చెప్పినప్పుడు పీణ్య మనిషి నా భుజం మీద గట్టిగా ఒకటి చరిచి, దేవుడు నీ చేత రాయించినాడు సార్ అన్నాడు. ఆ మాటను ఖండించడానికి నాకు రెండు టీలు పట్టాయి. ఇన్నేళ్ళలో అంత మంచి సాయంత్రం నాకు గుర్తు లేదు.

అదే ఆఖరిదని అప్పుడు తెలియదు. వైద్యురాలికి గొంతు ఇచ్చే అమ్మాయి అప్పటికే ఉద్యోగం వచ్చి హైదరాబాదు వెళ్ళిపోయింది. నేను రాసిన కొత్త మాటలు చెప్పాల్సింది ఆమే. ఇంట్లో ప్రతిధ్వని రాకుండా చీరల బీరువాలోకి తల దూర్చి, ఫోనులో రికార్డు చేసి పంపింది. శుభ్రంగా వచ్చింది. అంత శుభ్రంగా వస్తే ఇక గది ఎందుకని పైవాళ్ళకు తోచింది. గది ఖాళీ చేశారు. ఇక నుంచి అందరూ ఇంటి దగ్గరే, మీకూ ట్రాఫిక్ తప్పుతుంది సర్ అని విజయవాడ అమ్మాయి సంతోషంగా సందేశం పంపింది. మాంత్రికుణ్ణి బతికించిన వాక్యమే మా శనివారాన్ని తీసేసింది.

ఇప్పుడు మాంత్రికుడి గొంతు ఫైళ్ళుగా వస్తుంది. చెవుల్లో పెట్టుకుని వింటాను. రాజ్యాలను తగలబెడతానని గర్జిస్తాడు. గర్జన ఆగుతుంది, దూరంగా కుక్కర్ ఈల వినిపిస్తుంది, తర్వాత ఆయన మామూలు గొంతు: "సార్, ఇది సరిగ్గా ఉండాదా? ఇంటావుండావా సార్?" కాసేపు నిశ్శబ్దం. జవాబు కోసం ఆగుతాడు, గాజు అవతల నేను ఉన్నట్టు. తర్వాత గొంతు సవరించుకుని మళ్ళీ రాజ్యాలను తగలబెడతాడు. అనవసరమైన భాగాలకు గుర్తు పెట్టి తీసేయమనడం నా పని. ఆ ప్రశ్నలకు గుర్తు పెడతాను. ఆ నిశ్శబ్దాలకూ పెడతాను.

ఫోను చేయలేదా అంటారు. చేశాను. ఫోనులో ఆయన నాతో ఏకీభవిస్తాడు. దేవుడు లేడని చెబితే, సరే సార్, తిన్నావా అంటాడు. దిష్టి మూఢనమ్మకమంటే, అవును సార్, ఆరోగ్యం చూసుకో అంటాడు. ఆయన కూడా మర్యాదస్తుడైపోయాడు.

ఈ కథలు రాసేవాళ్ళు శవాన్ని ఎందుకు దాస్తారో ఇప్పుడు నాకు తెలుసు. మరో భాగం అమ్ముకోవడానికే అనుకునేవాణ్ణి. అది నిజమే గాని సగమే. ఎదురొచ్చేవాడు పోయాక కథానాయకుడంటే ఖాళీ కోటలో కత్తి పట్టుకుని తిరిగే మనిషి. ఆ కోటను ఆడేవాడు భరించలేడు, అందుకే శవం ఏదని అడగడు. ఆ అవసరం నాకు అర్థమవుతుంది, దాన్ని నేను వెక్కిరించను. కాని దుర్మార్గుడు తలుపు తోసుకుని వస్తాడు. మనుషులు అలా రారు. వాళ్ళను దాచిపెట్టి సమయానికి తిరిగి పంపే రచయిత ఎవడూ లేడు.

కనుక చదవడం ఆపండి. మీతో మనస్ఫూర్తిగా పోట్లాడి, ఈ మధ్య అన్నిటికీ సరే అంటున్న మనిషి ఎవరో మీకు తెలుసు. సందేశం పంపకండి. ముందుగా ఫోను చేసి అనుమతి అడగకండి. ఆ ఇంటికి వెళ్ళండి. తలుపు తీయగానే, మీరనేది పూర్తిగా తప్పని చెప్పి, లోపలికి వెళ్ళి కూర్చోండి.