అమలాపురం ఆర్డరు

మణిదీప్ చిన్నప్పట్నుంచీ మొహమాటస్తుడు. కొట్టువాడు చిల్లర తక్కువిచ్చినా నోరు మెదపకుండా ఇంటికొచ్చేస్తాడు. ఇంటికొచ్చిన చుట్టాలు పలకరిస్తే తలుపు వెనక్కి వెళ్తాడు. తాళ్ళరేవు పక్క పల్లె నుంచి యానాం వచ్చి, రొయ్యల చెరువులు చేసి, అగ్రహారంలో ఇల్లు కట్టిన భాస్కరరావుకి కొడుకు విషయంలో ఉన్న దిగులల్లా అదే.

అందుకే తొమ్మిదో తరగతి పిల్లలు ఈ ఏడాది సొంతంగా కంపెనీలు నడపాలని ప్రైవేటు స్కూలువాళ్ళు చెప్పినప్పుడు, అందరికంటే ఎక్కువ సంబరపడ్డది భాస్కరరావే. వస్తువు పిల్లలే తయారు చేయించాలి, పిల్లలే అమ్మాలి. మణిదీప్, వాళ్ళ క్లాసులోనే చదివే సాయిదివ్య కలిసి తాటాకు బుట్టల కంపెనీ పెట్టారు. దివ్యది దరియాలతిప్ప. వాళ్ళ నాయనమ్మ సత్యవతమ్మ యానాం బజారులో చేపలమ్ముతుంది. ఖాళీ దొరికితే లేత తాటాకు చీల్చి, మూతతో సహా ముద్దొచ్చే బుట్టలు అల్లుతుంది. పెళ్ళిళ్ళకి, పేరంటాలకి మిఠాయి పెట్టివ్వడానికి బావుంటాయని పిల్లల ఆలోచన.

ఆలోచన బాగానే ఉంది. బుట్టలే కదల్లేదు. నెలరోజులు స్కూలు గేటు దగ్గర బల్ల వేసుకుని నిలబడితే ఇద్దరు టీచర్లు, ఎవరో పిల్లాడి మేనత్త కొన్నారు. ఓ సాయంత్రం మణిదీప్ బుట్టలన్నీ తిరిగి మోసుకొచ్చి, అన్నం ముందు కూర్చుని మెతుకు ముట్టకుండా లేచిపోయాడు. భాస్కరరావు ప్రాణం ఉసూరుమంది. పెరట్లోకి వెళ్ళి అమలాపురంలో రొయ్యల మేత అమ్మే డీలరు, పాత స్నేహితుడు అమ్మిరాజుకి ఫోను చేశాడు.

"ఒరేయ్, నువ్వో మిఠాయి కొట్టాయనవి అవ్వాలి."

"ఎందుకురా?"

"మావాడి దగ్గర బుట్టలు కొనాలి. డబ్బులు నేనిస్తాను. సరుకు నా చెరువు దగ్గరికే వచ్చేస్తుంది."

అమ్మిరాజు నవ్వేసి సరేనన్నాడు. మర్నాడు స్కూలుకి ఫోనొచ్చింది. అమలాపురం నుంచి ఆర్డరు! మణిదీప్ గుమ్మంలోంచే "నాన్నా!" అని కేకేసుకుంటూ వచ్చాడు. వాడు అంత గట్టిగా అరవడం ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వినలేదు.

ఒక్కసారితో ఆపేద్దామనే అనుకున్నాడు భాస్కరరావు. కానీ రెండో ఆర్డరు లేకపోతే కుర్రాడు మళ్ళీ డీలా పడతాడేమోనని ఇంకోటి పెట్టించాడు. ఆ తర్వాత ఇంకోటి. బుట్టలు తనే కారులో వేసుకుని, "అమలాపురం ఎలాగూ వెళ్తున్నాగా, దింపేస్తాను" అని తీసుకెళ్ళి, చెరువు గట్టు మీద మేత షెడ్డులో పడేసేవాడు.

"ఎన్నాళ్ళండీ ఈ భాగోతం?" అంది భార్య విజయలక్ష్మి.

"వాడి మొహం చూడవే. అద్దం ముందు నిలబడి మాట్లాడుకుంటున్నాడు."

అది నిజమే. మణిదీప్ మారాడు. ఫోన్లో అమ్మిరాజుతో "సార్, డెలివరీ శుక్రవారం ఓకేనా?" అని అడుగుతుంటే, పక్కగదిలో తండ్రి కళ్ళు చెమర్చేవి. వార్షికోత్సవంలో వాళ్ళ కంపెనీకే మొదటి బహుమతి వచ్చింది. మణిదీప్ స్టేజి ఎక్కి, కొనేవాడి అవసరమేంటో తెలుసుకుంటే ఏదైనా అమ్మొచ్చని తడబడకుండా చెప్పాడు. చప్పట్లు మోగాయి. భాస్కరరావూ కొట్టాడు. కొడుతున్నంతసేపూ పక్కవాళ్ళ వైపు చూడలేకపోయాడు.

బయటికొస్తుంటే సత్యవతమ్మ ఎదురొచ్చింది. ఉతికిన చీర కట్టుకుని, మనవరాలి చెయ్యి పట్టుకుని ఉంది.

"బాబుగారూ, మీ అబ్బాయి చలవండి. పొద్దున్నే గంప నెత్తికెత్తుకునే బాధ తప్పిందండి. బజారు మానేశానండి."

"మానేశారా?"

"ఆయ్. బుట్టలకే టయిం చాల్తం లేదు. బజార్లో నా చోటు తెరేసాకి ఇచ్చేశాను. పాపం, దానికీ పిల్లలున్నారు."

భాస్కరరావు ఏదో గొణిగి కారెక్కేశాడు. ఆ రోజు నుంచి మొదలైంది అతని బాధ. ఆర్డర్లు ఆపేస్తే ముసలావిడ పొట్ట కొట్టినట్టు. ఆపకపోతే షెడ్డులో ఎలుకల కోసం ఆవిడ చేత వేళ్ళు కోసుకునేలా అల్లించినట్టు. చెప్పేద్దామని ఎన్నిసార్లు అనుకున్నాడో, అన్నిసార్లూ అమ్మిరాజుకి ఇంకో ఫోను చేశాడు.

వానాకాలం మొదట్లో ఓ ఆదివారం చెరువు నీళ్ళు పాడై, భాస్కరరావు భోజనానికి ఇంటికి వెళ్ళలేకపోయాడు. విజయలక్ష్మి క్యారేజీ ఇచ్చి కొడుకుని పంపింది. దారిలో జోరున వాన. చెరువులకి అటు చివర పనిలో ఉన్న భాస్కరరావు, వాన వెలిశాక గట్టు మీదికొచ్చి చూస్తే షెడ్డు ముందు కొడుకు సైకిలుంది.

గబగబా షెడ్డులోకి వెళ్ళాడు. లోపల మణిదీప్ మేత బస్తా మీద కూర్చున్నాడు. చుట్టూ కప్పుదాకా బుట్టలు. కింది వరసలవి ఎలుకలు కొరికేశాయి. వాడి చేతిలో ఓ బుట్ట మూతుంది.

"అన్నీ ఇక్కడే ఉన్నాయా నాన్నా?"

"అన్నీ కాదురా..."

"అమలాపురం కొట్టాయన ఎవరు?"

భాస్కరరావు తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు.

"నీ కోసమేరా. నువ్వు అన్నం తినకుండా లేచిపోతే చూడలేక..."

"అంటే నేను అమ్మలేనని మొదటి నెలలోనే అనేసుకున్నావు." మణిదీప్ గొంతు పెరగలేదు. "స్టేజి మీద నేను చెప్పిందంతా నువ్వు విన్నావు కదా. ఏమీ అనిపించలేదా?"

క్యారేజీ అక్కడే పెట్టి, తడిసిన సైకిలెక్కి వెళ్ళిపోయాడు. ఆ అన్నం భాస్కరరావు ముట్టలేదు.

శనివారం స్కూల్లో పేరెంట్స్ మీటింగు. బహుమతి తిరిగిచ్చేస్తున్నామని మణిదీప్, దివ్య అంతకుముందే టీచరుకి చెప్పేశారు. "నువ్వు రావక్కర్లేదు" అన్నాడు కొడుకు. "వెళ్ళండి, వెళ్ళి కూర్చోండి" అంది భార్య. వెళ్ళి ఆఖరి వరసలో కూర్చున్నాడు.

మణిదీప్ లేచాడు. "మా బుట్టల్లో చాలావరకు ఒక్కరే కొన్నారు. వాళ్ళకి బుట్టలు అవసరమై కాదు. అది మేం కనుక్కోలేదు. తప్పు మాదే."

ఎవరా ఒక్కరు అని గుసగుసలు లేచాయి. కొన్ని తలలు వెనక్కి తిరిగాయి. లేచి నిలబడి "నేనేనండి" అంటే సరిపోయేది. భాస్కరరావు కుర్చీ చేతులు పట్టుకున్నాడు కూడా. కానీ లేవలేకపోయాడు. కొడుకు తన పేరు కాపాడుతున్నాడని అర్థమై, ఆ నీడలోనే తలొంచుకు కూర్చున్నాడు. మీటింగు అయ్యాక ఎవరితోనూ మాట్లాడకుండా బయటపడ్డాడు.

ఆ మర్నాడే దరియాలతిప్ప వెళ్ళాడు. సత్యవతమ్మ అరుగు మీద కూర్చుని బుట్ట అడుగు అల్లుతోంది. కుర్చీ తెప్పించబోతే వద్దని, నిలబడే అంతా చెప్పాడు. ఆవిడ చేతులు ఆగిపోయాయి.

"మా దివ్యకి తెలుసాండి?"

"తెలుసు. మీకు చెప్పలేకపోయినట్టుంది."

సగం అల్లిన బుట్టని ఆవిడ పక్కకి తోసేసింది. "ఇన్నేళ్ళు చేపలమ్మానండి. చేప నచ్చితే కొన్నారు, లేకపోతే తిట్టి పోయారు. జాలిపడి ఎవరూ కొనలేదు. పిల్లల ముందు నన్నిలా చేశారేంటండి?"

"తప్పయిపోయిందమ్మా. ఏం చెయ్యమంటారో చెప్పండి."

"తెరేసాని నా చోటు మీరే అడగండి. ఇచ్చేసింది మళ్ళీ నా నోటితో నేనడగలేను."

బజారులో తెరేసా కొరమేను కోస్తూ తలెత్తింది. "మధ్యలో మీరెవరండీ అడగటానికి?" అంది. ఎవరో చెప్పాలంటే జరిగిందంతా చెప్పాలి. చేపలమ్మే ఆడవాళ్ళు కత్తులాపి చుట్టూ మూగారు. స్కూల్లో చెప్పలేనిది అక్కడ, బురదలో నిలబడి, మొదట్నుంచీ చెప్పాడు. ఒకావిడ ఫక్కున నవ్వింది. తెరేసా నవ్వలేదు. "ఆవిడ కోసం సగం జరుగుతాను. మీ కోసం కాదు" అంది. సోమవారం నుంచి సత్యవతమ్మ మళ్ళీ గంపెత్తింది. భాస్కరరావు ఆ తర్వాత చేపలకి బజారు వెళ్ళడం మానేశాడు. విజయలక్ష్మే వెళ్తోంది.

ఇంట్లో మణిదీప్ మాట్లాడుతూనే ఉన్నాడు. ఫీజు గురించి, సైకిలు ట్యూబు గురించి. కంపెనీ మాట మాత్రం ఎత్తడు. షెడ్డులో బాగున్న బుట్టలు మణిదీప్, దివ్య ఏరి పట్టుకెళ్ళారని పాలేరు చెబితేనే భాస్కరరావుకి తెలిసింది. పిల్లలిద్దరూ ఆదివారం సాయంత్రాలు గోదావరి గట్టున నిలబడి, షికారుకొచ్చినవాళ్ళకి అమ్ముతున్నారట.

ఓ ఆదివారం మణిదీప్ చీకటిపడ్డాక ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, గదిలోకి వెళ్ళాడు.

"ఏమన్నా అమ్ముడయ్యాయంటా?" అని భార్యని మెల్లిగా అడిగాడు భాస్కరరావు.

"వాడున్నాడుగా, వాడినే అడగండి."

భాస్కరరావు లేచి గది గుమ్మందాకా వెళ్ళాడు. లోపల కొడుకు పుస్తకం తీసి చదువుకుంటున్నాడు. కాసేపు నిలబడి, అడక్కుండానే వెనక్కొచ్చి కూర్చున్నాడు.